దొరగారి మూత్రపరీక్ష

దొరగారి దాహం ఆ యింటి అక్కచెల్లెళ్ళిద్దరికీ మనశ్శాంతి లేకుండా చేసింది. దొరగారంటే పిల్లి; వయసు మళ్ళినవారు, చాలాకాలంగా చక్కెరవ్యాధితో ఉన్నవారు. ఇటీవల నీళ్ళగిన్నె ఎన్నిసార్లు నింపినా ఖాళీ చేస్తూ, నానాటికీ చిక్కిపోతున్నారు. రక్తపరీక్ష చూచిన పశువైద్యుడు ఏదీ తేల్చలేదు.

"షుగర్ అదుపు తప్పినా ఇంతే, కిడ్నీలు దెబ్బతిన్నా ఇంతే. మూత్రం చూడకుండా కిడ్నీల పథ్యానికని తిండి మార్చకండి. కొత్త తిండి నచ్చక పస్తుంటే ఇన్సులిన్ ఇవ్వడం ప్రమాదం" అన్నాడు.

ఆ మూత్రం పట్టడమే మహాయజ్ఞమైంది. వైద్యుడిచ్చిన, తడి పీల్చని ప్లాస్టిక్ పూసలను దొరగారు ఒంటికి పోసే తొట్టిలో ఇసుకకు బదులు పోసి, అక్క ఉదయంనుంచీ పీటమీద కాపలా కూర్చుంది. ఆమె జీవితమంతా దర్జీపని చేసినది, ఓర్పుకు లోటులేదు. దొరగారు పూసలను వాసన చూచి, పిలవని ఇంటికి వచ్చినట్లు వెనుదిరిగారు. మధ్యాహ్నానికి గాని వారికి దయ కలుగలేదు. అక్క దాన్ని పీల్చి తీసే సిరంజికోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి తొట్టి మిలమిల మెరుస్తున్నది. పక్కన చెల్లెలు చేతులు తుడుచుకుంటున్నది.

ఆమె ఆసుపత్రిలో శస్త్రచికిత్స పరికరాలను శుద్ధిచేసే ఉద్యోగిని. మురికి కంటబడితే ఆమె చేతులు ఆమె మాట వినవు.

"కడిగేశావటే!"

"అలవాటు అక్కా... చెయ్యి ఆగలేదు."

"నీ శుభ్రం తగలెయ్య! పొద్దున్నించీ వాడి తోక చూస్తూ కూర్చున్నానే!"

మరునాడు చెల్లెలు దూరంగానే నిలుచున్నది. అక్క పట్టిన నమూనాను ఇద్దరూ దొరగారితో సహా వైద్యుని ముందుంచారు. ఆయన సీసా మూత తీసి ముక్కు ముడిచాడు.

"ఇందులో క్రిమిసంహారకం కలిసిందమ్మా. పనికిరాదు."

అక్క మెల్లగా చెల్లెలివైపు తిరిగింది.

"సీసా... రాత్రే మందునీళ్ళతో కడిగిపెట్టాను. పరీక్షకు పోయేది కదా అని..."

"నీ చేతిలో క్రిములూ బతకవు, నేనూ బతకను!"

వైద్యుడు నవ్వు దాచుకొని దొరగారి పొట్ట తడిమాడు. "మొన్న మూత్రాశయం ఖాళీగా ఉంది. ఇవాళ కాస్త దొరికేట్టుంది" అంటూ సన్నని సూదితో నేరుగా తీసి, లోపలి గదిలో పరీక్షించి వచ్చాడు.

"పలచగా ఉంది. షుగరూ దండిగా ఉంది. కిడ్నీ జబ్బు ఉండొచ్చు. షుగర్ కుదుటపడ్డాక మళ్ళీ చూడాలి. అందాకా పాత తిండే పెట్టండి."

"ఉండొచ్చా? ఈ తంటాలన్నీ 'ఉండొచ్చు' అనిపించుకోడానికా నాయనా?"

"నేనేం చెయ్యను పెద్దమ్మా? వాడు నోరు విప్పి చెప్పడు కదా."

ఇంటికి వచ్చి అక్క పాత తిండే పెట్టింది. దొరగారు గిన్నె నాకి వదిలారు. ఆమె వారి మెడవెనుక చర్మం పైకి పట్టి ఇన్సులిన్ ఇచ్చింది. వారు తల కూడా తిప్పలేదు. లేచి, నేరుగా నీళ్ళ దగ్గరకు పోయి, గిన్నె అడుగు కనబడేదాకా తాగారు.

"మళ్ళీ పొయ్యనా అక్కా?"

"పొయ్యి. అదీ నన్నడగాలా!"