సముద్రం వైపు గది

దుప్పటి నాలుగు మూలలూ కలిపి, మడత మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, వేడి ఇస్త్రీపెట్టె ఆనించింది ఆమె. ఆవిరి బుస్సుమంది. పద్దెనిమిదేళ్లుగా ఆ హోటల్ నేలమాళిగలో ఆమె పని అదే. సముద్రం వైపు గదుల దుప్పట్లకు అంచున నీలం కుట్టు ఉంటుంది, రోడ్డు వైపు గదులవాటికి ఉండదు. నీలం కుట్టువాటికి ఒక మడత ఎక్కువ వెయ్యాలి. ఆ గదుల్లోంచి సముద్రం ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. అంతకన్నా మంచి కిటికీ తన ఇంట్లోనే ఉందని ఆమె ధీమా.

ఆ ధీమాయే ఇప్పుడు కొంప మీదికి తెచ్చింది.

ఆ కిటికీ నిజానికి మామగారిది. కింద రేవులో ముప్పై ఏళ్లు లాంచీలకు తాళ్లు కట్టిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీదే ఉంటున్నాడు. పొద్దున మొదటి లాంచీ కూత వెయ్యగానే చెయ్యి ఎత్తుతాడు. లాంచీ మీదివాళ్లు కూడా తలెత్తి చేతులు ఊపుతారు. అది అయితే గానీ ఆయన టీ ముట్టడు. కొడుకు పోయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి ఆ ఇంట్లో మామ, కోడలు, ఇద్దరే.

ఆమెకు పెద్దగా కోరికలు లేవు గానీ చిన్న బడాయి ఉంది. ఏడాదికోసారి మామగారి మంచం మీదుగా వంగి కిటికీలోంచి ఫోటో తీసి, "మా గదిలోంచి" అని రాసి పాత స్నేహితురాలు లంబూకి పంపేది. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. ఆమె లంబూ, ఈమె పొట్టి. కిటికీ పక్క మంచం ఎవరిదో లంబూకి ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న సాయంత్రం లంబూ ఫోన్ చేసింది. మొగుడూ తనూ కారేసుకుని తీరం వెంబడి తిరుగుతున్నారట, మీ ఊళ్లో హోటళ్లన్నీ నిండిపోయాయట, రేపొక్క రాత్రి మీ ఇంట్లోనే అంది. ఇన్నేళ్లు ఫోటోలతో ఊరించావు కాబట్టి ఆ కిటికీ గది మాదే అని నవ్వింది. కాదనాలని ఉన్నా ఈమె నోరు మాత్రం "అంతకన్నానా" అనేసింది.

ఒంటిపూట సెలవు పెట్టి ఇంటికి నడుస్తూ, మామగారికి ఎలా చెప్పాలో దారి పొడవునా కూడబలుక్కుంది. అంత అవసరం రాలేదు. మాట సగంలో ఉండగానే ఆయన లేచి చేతికర్ర కోసం తడుముకున్నాడు.

"ఒక్క రాత్రే కదమ్మాయీ. నాకెక్కడైనా ఒకటే."

మధ్యగదిలో పడుకోబెడితే స్నానాలగదికి వెళ్లే దారికి అడ్డం. పైగా ఆయనకు దగ్గు. వంటింటి వెనక సామాన్ల గదిలో ట్రంకుపెట్టెలు జరిపి పరుపు వేసింది. దానికి కిటికీ లేదు. రెక్క పట్టుకుని తీసుకెళ్తే ఆయన గుమ్మంలో ఆగి, నాలుగు గోడలనూ చూశాడు.

"రేవు ఎటువైపమ్మాయీ?"

ఆమె ఎడమ గోడ చూపించింది. ఆయన తలగడ అటు జరుపుకున్నాడు.

నాలుగింటికి వచ్చారు. లంబూ ఈమెను వాటేసుకుని, చెప్పులైనా విప్పకుండా తిన్నగా కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఆమె మొగుడు ఒక్క సముద్రాన్నే నలభై ఫోటోలు తీశాడు. ఎంత అదృష్టవంతురాలివే అని లంబూ అంటుంటే ఈమెకు కాసేపు నిజంగానే అలా అనిపించింది.

రాత్రి భోజనానికి మామగారు కర్ర పట్టుకుని వచ్చి ఒక పక్కగా కూర్చున్నాడు. లంబూ మర్యాదకి పలకరించింది.

"బాబాయిగారూ, మీరు ఆ ముందుగదిలో ఉండొచ్చుగా? హాయిగా ఉంటుంది."

"ఆయనకి గాలి పడదు లేవే," అని ఈమె గభాల్న అందుకుంది.

అనేశాక చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మామగారు తలెత్తి ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"అవునమ్మా. గాలి పడదు నాకు," అని మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

ముప్పై ఏళ్లు గాలిలో నిలబడి బతికిన మనిషి. కాదని ఉంటే ఆమె ఏదో ఒకటి చెప్పి సర్దుకునేది. తన అబద్ధాన్ని ఆయన నెత్తికెత్తుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది. రేపు వీళ్లు వెళ్లగానే కాళ్ల మీద పడైనా సరే తప్పైందని చెప్పుకోవాలనుకుంది. పడుకోబోయే ముందు మాత్రం దగ్గు వినపడకుండా సామాన్ల గది తలుపు దగ్గరగా వేసింది. రాత్రంతా దగ్గు వినపడలేదు. హమ్మయ్య అనుకుని నిద్రపోయింది.

తెల్లవారాక టీ తీసుకుని తలుపు తోసింది. ఆయన ఎడమ గోడ వైపు తిరిగి, గోడకు అరచెయ్యి ఆనించి ఉన్నాడు. పిలిచింది. భుజం తాకింది. చల్లగా ఉంది.

లంబూని పిలుద్దామని నోరు తెరిచేసరికి మొదటి లాంచీ కూత వేసింది.

"పొట్టీ, ఇటు రావే! లాంచీ మీదివాళ్లు నాకు చెయ్యి ఊపుతున్నారు!"

లంబూ కిటికీలోంచి రెండు చేతులూ ఊపుతూ నవ్వుతోంది. ఇప్పుడు చెబితే అన్నీ చెప్పాలి. వాళ్లు ఎవరికి చెయ్యి ఊపుతున్నారో, ఆ మంచం ఎవరిదో, గాలి పడనిది ఎవరికో. ఆమె దుప్పటిని ఆయన భుజాల దాకా లాగి, చప్పుడు కాకుండా తలుపు వేసి ముందుగదిలోకి వెళ్లింది.

"ఇక్కడంతేనే. కనిపించిన వాళ్లందరికీ ఊపుతారు."

వాళ్లకు టీలు ఇచ్చింది. దారిలో తినడానికి రొట్టెలు కాగితంలో చుట్టింది. బాబాయిగారికి చెప్పి వెళ్తాం అంటే, నిద్రపోతున్నారు, లేపొద్దులే అంది. ఆ మాట తన గొంతులోంచి అంత మామూలుగా రావడం ఆమె విన్నది. కారు వాలు దిగి మలుపు తిరిగేదాకా గుమ్మంలో చెయ్యి ఊపుతూనే ఉంది.

ఇరుగుపొరుగుని పిలిచే లోపలే ఆయన్ని ముందుగదిలో ఆయన మంచం మీదికి చేర్చాలనుకుంది. ఒంటరిగా ఎలా మోస్తుందో ఆలోచించలేదు. లంబూ వాళ్లు నలిపిన దుప్పటి లాగి కింద పడేసి, ఉతికింది పరిచి, చేత్తో ముడతలు సాపు చేసింది. ఏడుపు అప్పుడు వచ్చింది. మంచం పట్టె పట్టుకుని, మామయ్యా, తప్పైపోయింది మామయ్యా అని ఖాళీ పరుపుతోనే చెప్పుకుంది. కాసేపటికి మొహం తుడుచుకుని తలెత్తింది. కిటికీ గట్టు మీద, లంబూ తీరంలో ఏరి తెచ్చి, పొద్దున కడిగి ఆరబెట్టి మరిచిపోయిన గవ్వలు నాలుగు, ఇంకా తడి ఆరకుండా వరసగా ఉన్నాయి.