ఊపిరికి సుంకము

హేమంతసాయంసమయము. అస్తగిరికి ఒరిగిన సూర్యబింబము మంచుతెరల మాటున మకిలిపట్టిన రాగిపళ్లెమువలె కాంతిమాసి వ్రేలాడుచుండగా సముద్రమునుండి వీచవలసిన గాలి ఆనాడేలనో దిశ మార్చుకొని నేలవైపునుండి కదలి ఎరువుల కర్మాగారపు ధూమస్తంభములను వంచి తెప్పలపాలెము పునరావాసకాలనీ మీదికి తోలుచుండెను. కర్మాగారప్రాకారమునకు ఆవల తెల్లని గోళాకారమున నిలిచియున్న అమ్మోనియాతొట్టి పొదుగబడుటకై వేచియున్న మహాసర్పాండమువలె కానవచ్చుచుండెను. దాని నీడలో బ్రతుకు జనులకు ముక్కు కోయు ఆ ఘాటు నిత్యపరిచితమగుటచే వారు దానిని వాసనగా నెంచుటయే మానివైచిరి.

అట్టి సాయంకాలమున కాలనీమైదానమందు ‘కాలకూటము’ అను థ్రాష్ మెటల్ బృందము ‘ఊపిరికి సుంకము’ అను తన సుప్రసిద్ధమైన ఆల్బమును మొదటిపాటనుండి తుదిపాటవరకు వినిపింపబూనెను. కొలిమిలో ఇనుము తెగునట్టి గిటారుల రాపిడియు పిడుగులు తరుముకొనివచ్చునట్టి డ్రమ్ముల వేగమును కంఠము చీల్చుకొని వెలువడు గర్జనమును ఆ సంగీతమునకు ప్రాణములు. ఊరు పోగొట్టుకొన్న జాలరులను గూర్చియు ముఖమునకు ముసుగులేక విషధూళి మోయు కూలీలను గూర్చియు శవముల సంఖ్య తగ్గించి చెప్పు పెద్దలను గూర్చియు వెరవక పాడిన ఆ ఆల్బము క్యాసెట్ల కాలమున వెలువడి ఆటోలయందును టీకొట్లయందును మ్రోగి మ్రోగి ఇప్పటి యువకులకు ఊయలనాటి జోలపాటయై పోయెను.

ఆ పాటల కర్తయు గాయకుడునగు పోలిరాజు ఈ కాలనీలో పుట్టి నగరమున స్థిరపడినవాడు. యౌవనమున అతడు కర్మాగారపు గోడప్రక్కన నక్కి ప్రమాదసూచకమగు సైరనుకూతను టేపుమీద పట్టి దానిని విన్నవాడెవ్వడును నిదురింపరాదని తలంచి మొదటిపాటకు నాందిగా నిలిపెను. అయితే స్టూడియోయందు ఆ కూత గిటారులతో కలియకపోవుటచే దానిని కొంత దించి గిటారు అడుగుతీగ శ్రుతికి సరిపుచ్చిరి. అది చెవికింపుగా నుండెను. ఆ ఇంపే ఒకనాడు ప్రాణాంతకమగునని అప్పుడెవ్వరికి తోచును?

వేదిక ప్రక్కన అతడు తీగలు బిగించుకొనుచుండగా అక్క దానమ్మ చీరచెంగు నడుమున దోపుకొనివచ్చి తమ్ముని ఎగాదిగా చూచెను.

“ఏట్రా పోలీ, ఆ జుత్తు? ఎండుసేపల గంపలో దూరొచ్చినట్టున్నావు.”

“పాటకి ఇలాగే ఉండాలప్పా.”

“పాటకి గొంతుండాల గాని జుత్తెందుకురా? నీ పాటెడితే సాలు, మా మేక తాడు తెంపుకుని పోతాది. మనుసులే కొయ్యల్లాగ కూకుంటారు.” అని నవ్వి అంతలో ఆమె గొంతు తగ్గించెను. “మొన్న కంపినీవోలు సైరను ఊది సూసుకున్నారు. పిల్లగుంటలు ఈదిలోకొచ్చి గెంతులేసినారు, నీ పాటనుకోని. నాకెందుకో బయ్యమేసింది.”

పోలిరాజు నవ్వబోయి మరల తీగ బిగించుకొనసాగెను.

దానమ్మ ఆ కాలనీకి పిలుపుమనిషి. నేలనీరు చెడిపోయిన యా ప్రదేశమునకు ప్రతిదినమును నీటిట్యాంకరు వచ్చును. పూర్వమొకప్పుడు బిందెలకై జరిగిన త్రోపులాటలో ఒక పసికందు నలిగిపోయినది మొదలు ఇంటిపేరు పెట్టి పిలిచినగాని ఎవ్వరును కదలరాదని కట్టుబాటు చేసికొనిరి. ఏ వరుస తరువాత ఏ వరుసయో దానమ్మకే తెలియును. ఆమె పిలిచిన ఇంటివారు లేచుదురు. పిలువనివారు ఎంత దాహమైనను లేవరు.

అంతట ప్రదర్శనము ఆరంభమయ్యెను. యంత్రములనుండి దించిన శ్రుతిలో సైరను మ్రోగగనే మైదానము హర్షధ్వానములతో దద్దరిల్లెను. తల్లులు బిడ్డలను భుజములమీద కెత్తుకొని ఆడించిరి. డ్రమ్ములవాడు అబ్రహాము మేఘగర్జనమును ముక్కలు చేసి విసరుచున్నట్లు వాయింపసాగెను. ఒక పాట ముగిసి మరియొకటి సాగి ‘పరుగెత్తు’ అను పాట నడుమ జనమంతయు గళమెత్తి “పరుగెత్తు పరుగెత్తు, ఊపిరి నీది, గాలి వాడిది” అని ఏకకంఠమున పాడుచున్న తరుణమున మరల సైరను కూసెను.

జనము కేరింతలు కొట్టెను. క్రొత్త చమత్కారమని తలంచి ఈలలు వేసెను. కాని పోలిరాజు వ్రేళ్లు తీగలపై బిగుసుకొనిపోయెను. తన సైరను అడుగుతీగతో పాలునీళ్లవలె కలియును. ఇదియో తీగమీదుగా పొసగక రాచుకొని పండ్లు జివ్వుమనిపించుచు పైపైకి పోవుచున్నది. అతడు దిగ్గున తలయెత్తి మైదానపు చివర శబ్దయంత్రముల చెంతనున్న తాతబాబువంక చూచెను. ఆ కూత తనది కాదన్నట్లు తాతబాబు రెండుచేతులును పైకెత్తి ఖాళీగా చూపెను. అతని ముఖము పాలిపోయియుండెను. ఆతని వెనుక ప్రాకారముపైగా పాలనురుగువంటి తెల్లనిమబ్బు ఒకటి పొంగి నేలబారుగా జారి మెల్లగా మైదానమువైపు మొగము త్రిప్పుచుండెను.

“పరుగెత్తండి” అని పోలిరాజు మైకులో అరచెను.

“పరుగెత్తు పరుగెత్తు” అని జనము బదులరచెను.

“ఇది పాట కాదు. గ్యాసొస్తంది. పారిపోండి.”

ముందువరుసనున్న యువకుడొకడు చొక్కా విప్పి గాలిలో త్రిప్పుచు “అన్నా, అదరగొట్టేసినావు. మల్లీ అను.” అని గంతులిడెను.

పోలిరాజు అబ్రహామునకు సైగచేసి వాయిద్యములు నిలిపించెను. ఆ ఆల్బమునందు అట్టి విరామములు పెక్కు కలవు గనుక తరువాత రాబోవు ఉరుము కొరకై జనము వాడుకచొప్పున నేల చతికిలబడి నవ్వుచు చెవియొగ్గెను. ఎంత గట్టిగా అరచిన అంత నమ్మని జనమును తానే తయారుచేసికొంటినని ఆ క్షణమున అతనికి తెలిసెను. ఇంతటి కంఠము కలిగియు తాను మూగవాడు. నమ్మి కదలినను జనము ఒక్కుమ్మడిగా ఒకరిపై ఒకరు పడినచో గాలికన్న ముందు కాళ్లే చంపును.

అతడు వేదికనుండి దుమికి దానమ్మచేత మైకు పెట్టెను.

“అప్పా, పిలు. నీల్లకి పిలిసినట్టు పిలు.”

ఆమె ఆ మబ్బును చూచెను. మరుమాట అడుగలేదు.

“మైలపల్లోరూ, లెగండి. గుంటల్ని సంకనెట్టుకోండి. నీల్లపీపాల్లో గుడ్డ తడిపి ముక్కుకి కట్టండి. ఎర్రదిబ్బ మీదకెల్లిపోండి. పరిగెట్టకండి, ఎనక సూరాడోరొస్తన్నారు.”

ఆ పిలుపునకు మైలపల్లివారి కాళ్లు వారి బుద్ధికన్న ముందుగా లేచెను. నవ్వులు ఆగిపోయెను. గాలివాలుకు ప్రక్కగానున్న ఎర్రదిబ్బవైపు ఒక వరుస కదలెను. సూరాడవారు లేచిరి. ఎరిపల్లివారు లేచిరి. తమ పేరు రానివారు ముంచుకొనివచ్చు తెలుపును కన్నులయెదుటనే చూచుచు బిడ్డలనోళ్లు మూసి కూర్చుండిరే గాని త్రోసికొనరైరి. అంతకన్న ఘోరమైన నిరీక్షణమును పోలిరాజు ఎన్నడును ఎరుగడు. మబ్బు తాతబాబు విడిచిపోయిన యంత్రములను కప్పెను. దీపస్తంభములను కప్పెను. దానమ్మ గొంతు బొంగురుపోయియు తొట్రుపడలేదు.

కడపటి ఇంటివారు కదలిన పిమ్మట ఆమె మైకు క్రింద పడవైచెను.

“గనగళ్లోరి ఎర్రయ్య తాత మంచంమీదుండిపోయాడ్రా. కొడుకులు ఏటకెల్లినారు. కోడలు పక్కోలు తెస్తారనుకుంది.”

“నేనెల్తానప్పా.”

“ఇప్పుడు ఏ ఇల్లెక్కడో నీకేటి తెలుసు? ఆ పడిపోయిన ముసిల్దాన్నెత్తుకుని నువ్వు పద. నానొచ్చీస్తాను.”

ఎదుట కూలబడిన వృద్ధురాలిని విడువజాలక అతడామెను భుజముపై వేసికొని దిబ్బయెక్కెను. వెనుదిరిగి చూచునప్పటికి కాలనీ యుండినచోట తెల్లని సముద్రము తప్ప మరేమియు లేదు.

దిబ్బపై ప్రాణములు దక్కిన జనము ఒకరినొకరు తడవుకొని ఏడ్చెను. అంతట యువకులలో భయము రోషముగా మారెను. వారు కర్మాగారమువైపు పిడికిళ్లు చాచి ‘పరుగెత్తు పరుగెత్తు’ అని పాడదొడగిరి. క్షణములో దిబ్బయంతయు పాడెను. పోలిరాజు మాత్రము క్రింది తెలుపును చూచుచు నిలిచెను. దానమ్మ రాలేదు.

“ఆపండ్రా” అని అతడు దీనముగా వేడుకొనెను. “పాటాపండి. కిందెవులైనా దగ్గుతున్నారేమో ఇననివ్వండి.”

జీవితమంతయు చెవులు చిల్లులుపడ పాడినవాడు మౌనమును యాచించుట చూచి జనము నిశ్చేష్టమై నిలిచెను. పసిపిల్లలు సైతము ఊపిరి బిగబట్టిరి. అప్పుడు తెల్లని లోతులలోనుండి దగ్గు వినవచ్చెను. అది దానమ్మదే. పోలిరాజు ముఖము వికసించినది వికసించినట్లే వాడిపోయెను. మరల వినబడిన దగ్గు దూరమయ్యెను. మూడవమారు మరింత దూరమయ్యెను. ఆమె కర్మాగారమువైపు నడచుచుండెను.

కన్నులు మండి తెరవలేని స్త్రీ ఇంతవరకు దేనిని పట్టుకొని నడచివచ్చినదో అతనికి తటాలున స్ఫురించెను. పాట యను ఆ ఆధారమును తానే త్రెంచెను.

గిటారు లేదు. మైకు లేదు. పోలిరాజు దిబ్బయంచున నిలిచి పొట్ట చేతులతో అదిమిపట్టి తన ప్రాణమంతయు గొంతులోనికి తెచ్చుకొని “పరుగెత్తు పరుగెత్తు” అని ఎత్తుకొనెను. గట్టు తెగినట్లు జనమంతయు అందుకొనెను. ఒక చరణము పాడి అతడు చేయి పైకెత్తగా అందరు నిలిచి ఆలకించిరి. దగ్గు. అక్కడనే. మరల ఒక చరణము. మరల మౌనము. ఈమారు దగ్గు ఇటువైపు తిరిగెను. పాడుటయు ఆగుటయు వినుటయు. అట్లు ఆ దిబ్బ ఒక్క ఊపిరితిత్తివలె పొంగుచు తగ్గుచు నుండ చీకటి పడుచున్న అంచున తెల్లదనము చీలి తడిచీర ముఖమునకు చుట్టుకొని వీపున ఎముకలగూడువంటి ముసలివానిని మోయుచు కన్నులు మూసియే తడబడుచు ఒక ఆకారము వెలువడెను. పోలిరాజును అబ్రహామును క్రిందికి దూకి చెరియొక రెక్క పట్టుకొనిరి.

“మద్దెలో ఆపీసినావేట్రా?” అని దానమ్మ దగ్గుల నడుమ గొణిగెను. “దారి తప్పీసినాను.”

అతడు ఆమె అరచేతిని తన చెంపకు ఆనించుకొనెను.

భయమునకు శ్రుతి కూర్చినవాడు దాని కోరలు పెరికినవాడగుననుట నిజమే. అయినను ఆ పాటయే గ్రుడ్డిచీకటిలో ఒకరికి చేతికఱ్ఱయగుటయు నిజమే. ఎప్పుడు పాడవలెనో ఎప్పుడు నిలిచి వినవలెనో ఎరిగినవాడే గాయకుడు. క్రింద ఇంకను ఎవ్వరైన మిగిలియుందురేమోయని ఆ రాత్రి గాలి మరలి తెల్లదనము విరియువరకు ఆ దిబ్బమీది జనము ఒక చరణము పాడుచు ఒక ఊపిరిమేర ఆలకించుచునే యుండెను.