ఏడు పొరల శాంపిల్

ఆట ఎక్కించడానికి జాగా చాలదని కంప్యూటర్ చెప్తుంది కాబట్టి, మా గోడౌన్ వెనక భాగంలోంచి పదడుగులు తీసి ఇస్తాను. వెనక గోడ ముందుకు వచ్చి నిలబడుతుంది. టేపు పట్టి కొలుస్తాను. సరిగ్గా పదడుగులే. కంప్యూటర్ ఒక్క అంగుళం కూడా ఎక్కువ తీసుకోలేదు. అలాంటివాళ్లతో వ్యాపారం చెయ్యడానికి నాకు అభ్యంతరం ఉండదు.

గోడకి ఆనించిన ప్లైవుడ్ షీట్లు గోడతోపాటే జరుగుతాయి. ఒకదాన్నొకటి నెట్టుకోకుండా నిలువునా సర్దుకుంటాయి. తెర మీద నీలిరంగు పట్టీ కొంచెం కొంచెంగా నిండుతూ ఉంటుంది.

ఈ ఆట నా కోసం కాదు. నా భార్య సుభాషిణి నవ్వు కోసం. తాడేపల్లిగూడెంలో మా ప్లైవుడ్ షాపుకి ఎదురుగా ఒక రంగుల కొట్టు ఉంది. ఆ కొట్టు మొగుడూ పెళ్లాం మధ్యాహ్నం పూట కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఆడుతూ నవ్వుకుంటారు. ఆ నవ్వు నలభై అడుగుల రోడ్డు దాటి వచ్చి మా పన్నెండు ఎమ్మెమ్ మందం షీట్ల మీద రంపపు పొట్టులాగ పేరుకుంటుంది. రోజుకి రెండుసార్లు గుడ్డతో తుడుస్తాను. మా షాపులో మాత్రం పదకొండు నెలలుగా నవ్వు తయారవడం లేదు. సుభాషిణి కౌంటర్ దగ్గర కూర్చుంటుంది, అడిగినవాళ్లకి సమాధానం చెప్తుంది, భోజనం వేళకి క్యారియర్ విప్పుతుంది. ఎదుటి కొట్లో దొరికే సరుకు మన దగ్గర లేకపోతే ఏ వ్యాపారైనా తెప్పించి పెట్టుకోవాల్సిందే.

"ఏం ఆటండీ అది?" అంటుంది సుభాషిణి.

"చక్రాల చెక్క మీద నిలబడి దూకడం. స్కేట్‌బోర్డు."

"ఆ చెక్క మన దగ్గరదేనా?"

"ఏడు పొరల ప్లై. మనలాంటివాడు ఎవడో అమ్మే ఉంటాడు."

ఎక్కడం పూర్తయ్యే ముందు షరతుల కాగితం వస్తుంది. అందరూ చదవకుండా ఒప్పుకుంటారట. నేను చదువుతాను. పద్నాలుగో షరతు ఇలా ఉంటుంది: శాంపిల్‌గా ఇచ్చిన సరుకు వాపసు ఇవ్వబడదు. న్యాయమే. మా వ్యాపారంలోనూ అంతే. ఒప్పుకుంటాను.

ముందు ఆడే మనిషిని తయారు చేసుకోమంటుంది ఆట. తెర మీద ముఖం లేని యువకుడు ఒకడు చేతులు వేలాడేసి నిలబడి ఉంటాడు. పక్కన జుట్టు, మీసం, భుజాలు, మోకాళ్లు అని రాసిన సొరుగులుంటాయి. లాగి చూస్తే అన్నీ ఖాళీ. సరుకు మీరే తెచ్చుకోవాలి అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇక్కడ నేను వ్యాపారిగా ఆలోచిస్తాను. ముప్పై ఏళ్లుగా నాది ఒకటే పద్ధతి. కొనే పార్టీకి చూపించే శాంపిల్ ముక్క అసలు సరుకు కంటే ఒక మెట్టు పైన ఉండాలి. అరచేతిలో పట్టేది, ముడి లేనిది, లోపల గుల్ల లేనిది. దాన్ని చూసి షీటు తీసుకుంటారు. శాంపిల్నే ఇవ్వమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాబట్టి నాలో మేలైనవన్నీ ఏరి వాడికి పెడదామని నిశ్చయించుకుంటాను. వాణ్ని చూసి సుభాషిణి నవ్వుతుంది, నవ్వి నా వైపు తిరుగుతుంది. లెక్క అంతే.

అరచెయ్యి తెరకి ఆనిస్తాను. ఇరవై ఆరేళ్ల వయసులో నాకున్న ఒత్తు జుట్టు ముందు వెళ్తుంది. ఇన్నాళ్లూ అది లోపల ఏ మూల ఉందో నాకే తెలియదు. తర్వాత లోడు లారీ మీదికి ఒక్క గెంతులో ఎక్కిన మోకాళ్లు. తర్వాత నిడదవోలు పెళ్లిచూపుల్లో సుభాషిణి ఒక్కసారి చూసి తల దించుకున్న భుజాలు. ఒక్కొక్కటి వెళ్లినప్పుడల్లా నా వీపు వైపు నుంచి పల్చటి పొర ఒకటి లేచి, చుట్ట చుట్టుకుని కింద పడుతుంది. నొప్పి ఉండదు. చీపురుతో పక్కకి నెడతాను.

పేరు అడుగుతుంది. నేను షాపు పేరు పెట్టబోతుంటే సుభాషిణి కీబోర్డు తన వైపు లాక్కుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'భూషణ్' అని కొడుతుంది.

నా పేరు నాగభూషణం. పెళ్లయిన మొదటి ఏడాది ఆమె నన్ను అలా పిలిచేది. తర్వాత అది 'ఏవండీ' అయింది. ఈమధ్య అదీ తక్కువే. ఆ పేరు ఎప్పుడో పారేసిందనుకున్నాను. భద్రంగానే ఉంచింది. నాకు ఇవ్వలేదు, అంతే.

ఆట మొదలవగానే షాపులో ఆరు ఎమ్మెమ్ షీట్లు రెండు కిందికి దిగి, మధ్యలో వంగి, ర్యాంపులవుతాయి. సుభాషిణి బాణం గుర్తు మీట నొక్కుతుంది. భూషణ్ తెరలో ర్యాంపు ఎక్కుతాడు, గాలిలో ఒక తిరుగుడు తిరుగుతాడు, బోర్లా పడతాడు.

"పడ్డాడు" అంటుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. తర్వాత చెయ్యి తీసేసి నవ్వుతుంది.

నవ్వు కౌంటర్ మీద నుంచి జారి నేల మీద పరుచుకుంటుంది. కొలుస్తాను. నాలుగున్నర అడుగులు. మొదటి రోజుకి మంచి కొలతే. రెండో రోజు తొమ్మిది. మూడో రోజు మా నవ్వు గడప దాటి రోడ్డు మధ్యకి చేరుతుంది. రంగుల కొట్టాయన బయటికి వచ్చి, దాన్ని చెప్పు చివరతో తాకి చూసి, లోపలికి వెళ్లిపోతాడు. ఆ సాయంత్రం నాకు ఎవరి మీదా కుళ్లు ఉండదు. అలాంటి సాయంత్రాలు నా జన్మలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాలుగో రోజు ఒక విషయం కనిపెడతాను. నేను ఆమె పక్కనే స్టూలు మీద ఉంటాను. నవ్వు నా దాకా వచ్చి, రాయి అడ్డం వచ్చిన నీళ్లలాగ పక్కకి తిరిగి, తెరలోకి వెళ్లిపోతుంది.

అయిదో రోజు క్యారియర్‌కి మూడో గిన్నె వస్తుంది. సుభాషిణి దాన్ని విప్పి కంప్యూటర్ పక్కన పెడుతుంది. అందులో నల్లగా వేగిన బెండకాయ వేపుడు.

"మాడింది కదా" అంటాను.

"భూషణ్‌కి ముదురు వేపుడు ఇష్టమండి."

ముదురు వేపుడు నాకు ఇష్టం. ఇరవై ఎనిమిదేళ్లుగా లేతది తింటున్నాను, ఏనాడూ చెప్పలేదు. వాడు ఎప్పుడు చెప్పాడో తెలియదు. భోజనాలయ్యేసరికి గిన్నె తుడిచినట్టు ఖాళీగా ఉంటుంది.

వడ్రంగి మేస్త్రి సింహాచలం పద్దెనిమిది ఎమ్మెమ్ షీట్ల కోసం వస్తాడు. అలవాటు ప్రకారం ప్రతి షీటు మీదా వేలి కణుపుతో కొట్టి, లోపల గుల్ల ఉందేమోనని చెవి పెట్టి వింటాడు. షీట్లయ్యాక నా భుజం మీద కూడా కొడతాడు.

"షావుకారు గారూ, తమరు పద్దెనిమిది ఉండేవారు కదండీ. పన్నెండుకి దిగారేంటి?"

"కొలత సరిగ్గా చూడవయ్యా."

"చూసే అంటున్నానండి. ఇందాక పక్కనుంచి చూసి గోడకి తగిలించిన క్యాలెండరనుకున్నాను. తారీఖు కూడా చూడబోయానండి." తెర వైపు తిరుగుతాడు. "ఆ బాబెవరండీ? తమరి తమ్ముడుగారా?"

"శాంపిల్."

"మరి సరుకేదండీ?"

సుభాషిణి నవ్వుతుంది. తెర వైపు తిరిగే నవ్వుతుంది.

ఆమె గిన్నెలు కడగడానికి వెళ్లినప్పుడు మౌస్ నేను తీసుకుంటాను. సెట్టింగుల్లోకి వెళ్లి నేల గరుకుతనం పెంచుతాను. గుండ్రటి చక్రాలు తీసేసి పలకల చక్రాలు బిగిస్తాను. భూషణ్ ఇంకా ఎక్కువగా పడతాడు. సుభాషిణి ఇంకా ఎక్కువగా నవ్వుతుంది. లెక్క తప్పాను.

అయితే సరుకునే చెడగొడదామనుకుంటాను. ఇచ్చిన మేలైనవి వెనక్కి రావు, పద్నాలుగో షరతు ఉంది. చెడ్డవి ఇవ్వకూడదని మాత్రం ఎక్కడా లేదు. మర్నాడు షాపు తీయగానే అరచెయ్యి తెరకి ఆనించి, ఆ ఒత్తు జుట్టు మీద నా బట్టతల దింపుతాను. పొట్ట ఇస్తాను. ఎంత రంగు వేసినా మొదళ్లలో తెల్లగా కనిపించే మీసం ఇస్తాను. మూడు పొరలు లేస్తాయి, చుట్ట చుట్టుకుంటాయి. బేరం కుదరనప్పుడు ముక్కు చివర గోక్కునే అలవాటు కొసరుగా వేస్తాను.

సుభాషిణి వచ్చి కూర్చుంటుంది. భూషణ్ బట్టతలతో, పొట్టతో ర్యాంపు ఎక్కుతాడు. పైన ఆగుతాడు. ముక్కు చివర గోక్కుని దూకుతాడు.

ఈసారి ఆమె నవ్వదు. కుర్చీ ముందుకి లాక్కుంటుంది. పమిట చెంగుతో తెర మీద, వాడి గుండు ఉన్నచోట, మెల్లగా తుడుస్తుంది.

"ఇప్పుడు అచ్చం మీరేనండీ" అంటుంది నా వైపు చూడకుండా. "ముక్కు గోక్కుంటున్నాడు చూడండి, పాపం."

ఆ 'పాపం' నాకు రావాల్సింది. ఆ ముక్కు నా దగ్గర ఉన్నన్నాళ్లూ దానికి ఏ పాపమూ రాలేదు.

ఆరు పొరలు వాడి దగ్గర ఉన్నాయి, ఒకటి నా దగ్గర. టేపుతో కొలుచుకుందామంటే గీతల మధ్య ఇమిడిపోతున్నాను. ఇంత పల్చటి సరుకు మా షాపులో ఎప్పుడూ ఉంచలేదు.

ఆమె మంచినీళ్లకి లేచినప్పుడు తెర దగ్గరికి వంగుతాను.

"ఖాళీ చెయ్యి" అంటాను.

"నన్ను తెచ్చి పెట్టింది మీరే కదండీ" అంటాడు భూషణ్. గొంతు నాదే, పాతది.

"చూపించడానికి పెట్టాను. ఉంచడానికి కాదు."

"మీరు ఆవిడ ముందు ఎప్పుడైనా పడ్డారా?"

ఆలోచిస్తాను. ఇరవై ఎనిమిదేళ్లూ వెనక్కి వెళ్లి చూసి వస్తాను.

"పడలేదు. ఒక్కసారి కూడా."

"నేను రోజుకి అరవైసార్లు పడతాను" అంటాడు వాడు. అందులో గొప్ప చెప్పుకోవడం ఉండదు. రేటు చెప్పినట్టు చెప్తాడు.

నేను మౌస్ పట్టుకుని భూషణ్‌ని తీసేయమని నొక్కుతాను. కంప్యూటర్ ఒక ప్రశ్న వేస్తుంది: ఏ భూషణ్‌ని? ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉంటాయి. పార్టీ చెప్పాలి అని కింద ఉంటుంది.

సుభాషిణి గ్లాసుతో వచ్చి ఆ ప్రశ్న చదువుతుంది. గ్లాసు కింద పెడుతుంది.

"నాకు ఆ శాంపిలే ఇచ్చేయండి" అంటుంది.

"శాంపిల్ ఇవ్వం. అది చూడటానికే."

"మరి ఏది ఇస్తారు?"

ఆమె నా కోసం తిరుగుతుంది. స్టూలు వైపు చూస్తుంది, గోడ వైపు చూస్తుంది. నేను నా అంచు ఆమె వైపు పెట్టి నిలబడి ఉన్నాను, పక్కనుంచి నేను కనిపించను.

"ఏవండీ. ఎక్కడున్నారు?"

ఎదురుగా తిరుగుదామని ఒక్క అడుగు వేస్తాను. ఫ్యాను గాలి నా కిందికి దూరుతుంది. నేను లేస్తాను, కౌంటర్ మీదుగా ఒక తిరుగుడు తిరుగుతాను, పైన వేలాడే శాంపిల్ ముక్కల గుత్తికి తగులుతాను, ఆమె కాళ్ల దగ్గర బోర్లా పడతాను.

గుత్తిలోని ముక్కలు ఒకదానికొకటి తగులుతూ ఊగుతాయి.

తర్వాత సుభాషిణి నవ్వుతుంది. నేల మీద నుంచి వింటాను. ఈ నవ్వు ఎటూ తిరగదు. తిన్నగా నా మీదికే దిగుతుంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. కొలవడానికి టేపు అందదు.

"మీకు చక్రాలున్నాయే" అంటుంది వంగి చూసి. "ఎప్పట్నించి?"

నిజమే. కింద నాలుగు ఉన్నాయి. నా రెండు చివర్లూ కొంచెం పైకి లేచి ఉన్నాయి.

ఆమె కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంటుంది. ముందు కుడికాలు పెడుతుంది. ఆలోచించి ఎడమకాలు కూడా పెడుతుంది. ఇన్నేళ్లలో ఆమె బరువు మొత్తం నా మీద పెట్టడం ఇదే మొదలు. ఒకటే పొర. విరగను. గడప దిగుతాం. రోడ్డు మాకు అనువుగా మధ్యలో వంగుతుంది, చివర పైకి లేస్తుంది. రంగుల కొట్టు వాళ్లిద్దరూ బయటికి వచ్చి, నవ్వడం ఆపి చూస్తారు.

వెనక్కి చూస్తాను. తెరలోంచి దిగి, మా కౌంటర్ దగ్గర భూషణ్ నిలబడి ఉంటాడు. ముక్కు చివర గోక్కుంటాడు. మేము వదిలి వచ్చిన నవ్వు పన్నెండు ఎమ్మెమ్ షీట్ల మీద పేరుకుని ఉంటుంది. వాడు గుడ్డ తీసుకుని దాన్ని తుడుస్తాడు. రెండుసార్లు తుడుస్తాడు. వాడి ముఖం నాకు బాగా తెలుసు. ఎదుటివాడి దగ్గర ఉన్న సరుకు మన దగ్గర లేనప్పుడు పెట్టే ముఖం అది.

వాడు గోడౌన్ తలుపు తెరుస్తాడు.

రోడ్డు పైకి లేచినచోట సుభాషిణి పడుతుంది, పడి నవ్వుతుంది. నేను తిరగబడి, చక్రాలు పైకి పెట్టుకుని కొంచెం దూరంలో ఆగుతాను. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

అప్పుడు మా షీట్లన్నీ వస్తాయి. ఆరు ఎమ్మెమ్‌వి, పన్నెండువి, పద్దెనిమిదివి, ఒక్కో దానికీ నాలుగేసి చక్రాలతో, మనిషి లేకుండా, వరసగా రోడ్డు ఎక్కి వచ్చి ఆమె ముందు ఆగుతాయి. అన్నీ మేలైనవే. స్టాకు నాకు తెలుసు.

సుభాషిణి లేచి చీర దులుపుకుంటుంది. మొదటి షీటు దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో కొడుతుంది, చెవి పెట్టి వింటుంది. రెండో దాని దగ్గరికి వెళ్తుంది. తొందర పడదు. వరస చివర పడి ఉన్న నా దగ్గరికి రావడానికి ఇంకా ముప్పై రెండు షీట్లున్నాయి.

ఒకటే పొరలో గుల్ల ఉండదు. అది నాకు తెలుసు, ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నాను. అయినా ఇప్పట్నించే ఊపిరి బిగబట్టుకుంటాను.