హీరో చేతిలో గాలం

ఫిల్మ్ నగర్ స్టూడియోలో పెద్ద తొట్టి నిండా నీళ్లు నింపారు. హీరో సిద్ధార్థ గట్టు మీద నిలబడి గాలంతో రాక్షస చేపను లాగాలి. చేపను తర్వాత గ్రాఫిక్స్‌లో పెడతారట. ప్రస్తుతానికి నీళ్లడుగున దారం పట్టుకుని గుంజే చేప, ఫైటర్ సృజన్.

గాలం కర్రకున్న దారం రీలు సరిచేసింది అతని అన్న రాఘవేంద్ర, ఫైట్ మాస్టర్ దగ్గర అసిస్టెంటు. కృష్ణా కాలువల్లో చేపలు పట్టి పెరిగినవాడు. దారాన్ని స్ప్రింగు త్రాసుకు తగిలించి లాగి చూస్తూ, బిగువు మార్చే డ్రాగ్ మరను కొద్దికొద్దిగా తిప్పాడు. గట్టిగా గుంజితే దారం దానంతటదే జారాలి. తమ్ముడి కుడిచేతికి చుట్టేది ఆ దారమే మరి! సన్నటి అల్లిక దారం, బిగిస్తే కత్తే. వేళ్లు పోయిన ఫైటర్‌ని ఎవడు పిలుస్తాడు?

మొదటి టేకులో సృజన్ గుంజగానే రీలు కిర్రుమని దారం వదిలింది. సిద్ధార్థ మొహం మాడిపోయింది.

"నా చేతిలోంచి దారం జారడమేంటి? ఫ్యాన్స్ నవ్విపోతారు!"

"చేపకి కాస్త వదలాలి బాబూ. లోపల మావాడి చెయ్యుంది," అన్నాడు రాఘవేంద్ర.

విన్నాడా? వింటే హీరో ఎందుకవుతాడు! రెండో టేకు మొదలవగానే మరను చివరిదాకా బిగించి, వెనక్కి విరుచుకుని ఒక్క గుంజు గుంజాడు.

నీళ్లు ఎర్రబడ్డాయి. "రక్తం ప్యాకెట్ అదిరింది! లాగు బాబూ!" అని డైరెక్టర్ గంతులేశాడు. ఈ సీనుకి ప్యాకెట్టే లేదని రాఘవేంద్రకు తెలుసు.

ఒక్క దూకు దూకి దారం కోసేశాడు. సృజన్ కేక పెడుతూ పైకి తేలాడు. చూపుడు వేలు మొదలంటా లేదు.

"అన్నయ్యా, నా వేలు! నీళ్లలో ఉంది, చూడన్నయ్యా!"

"ఉండరా, ముందు వీడి సంగతి చూస్తా!"

సిద్ధార్థ కాలర్ పట్టి మొహం మీద గుద్దాడు. ముక్కు చిట్లింది. కింద పడేసి, డొక్కలో తన్ని, మళ్లీ లేపి గుద్దాడు. కసి తీరలేదు. నలుగురు లైట్‌మెన్ పీకితే గానీ ఊడి రాలేదు. అన్నదమ్ములిద్దర్నీ ఎవరో వ్యానులో పడేసి పంపించారు.

జూబ్లీ హిల్స్ ఆసుపత్రిలో డాక్టరమ్మ గాయం విప్పి చూసింది.

"తెగిన వేలు ఇవ్వండి. త్వరగా! అతికించొచ్చు."

సృజన్ ఆశగా అన్న వైపు చూశాడు. రాఘవేంద్ర అప్పటిదాకా బిగించి ఉన్న పిడికిలి విప్పాడు. అందులో హీరో చొక్కా కాలర్ ముక్క ఉంది.