పిగిలిపిట్టకు పీట

"చెరువు దగ్గర పిట్టల్ని తోలడానికి నేను మనిషిని పెడితే, నువ్వు ఇంట్లో వాటికి పీట వేస్తున్నావు. కైకలూరులో ఎవరైనా వింటే నవ్విపోతారు," అంటున్నాడు ప్రసాదరావు. కాఫీ దగ్గర మొదలైన మాట టిఫిను అయినా తెమల్లేదు.

"పిగిలిపిట్ట మీ చేపల్ని తింటుందేంటండీ?" అంది దేవకుమారి, చేతిలో పని ఆపకుండా.

చెరువు మోటారు తాలూకు పాత ప్లాస్టిక్ పైపు ముక్కని జామచెట్టు పక్కన పాతి, ఇంకో ముక్కని అడ్డంగా బిగించింది. మేత డ్రమ్ము మూతలో నీళ్లు పోసి కింద పెట్టింది. పైపు నున్నగా ఉండి, వాలిన పిట్ట వాలినట్టే జారిపోతోంది. కాలికి పట్టు దొరుకుతుందని వసారాలోని నైలాను దారం తెచ్చి వదులు వదులుగా చుట్టింది. పిల్లచేపల చెరువు మీద పిట్టలు దిగకుండా మర్నాడు కట్టించడానికి భర్త తెచ్చిన దారమది. చేపపిల్లలు వదిలి వారమైనా కాలేదు, నీటికాకులు మూకగా దిగితే సగం మిగలవు. చుట్టుపక్కల చెరువులన్నిటి మీదా అవే దారాలు. అందుకే చుట్టేటప్పుడు ఆమెకు తప్పేమీ తోచలేదు.

మధ్యాహ్నం అత్తగారు యేసమ్మ పెరట్లోంచి పిలిచింది. పిగిలిపిట్ట ఒకటి తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటోంది. దేవకుమారి దాన్ని కొంగుతో పట్టుకుంటే, కూతురు మెర్సీ కాలికి బిగిసిన దారాన్ని కత్తెరతో తెంపింది. వదలగానే ఎగిరింది గానీ, ఒక కాలు వేలాడుతూనే ఉంది.

దేవకుమారి దారమంతా కోసి పారేసి కొబ్బరితాడు బిగించి చుట్టింది. అయినా మనసు కుదుటపడలేదు. కాలుకాలిన పిల్లిలా వంటింటికీ పెరటికీ తిరిగింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది. చెరువుల మీద దారాలకు చిక్కి ఎండిపోయిన కొంగల్ని ఆమె ఎన్నిసార్లు చూడలేదు? చూసి, మొహం తిప్పుకుని, భర్తకు క్యారేజీ ఇచ్చి వచ్చేసేది. ఇవాళ కట్టింది తన చేతులే.

"మనకి అన్నం పెట్టేది ఆ చెరువేనమ్మా," అంది యేసమ్మ మెల్లగా. అదీ నిజమే. ఆ నిజమే దేవకుమారిని కూర్చోనివ్వలేదు.

రాత్రి ప్రార్థన చేసుకుని నలుగురూ భోజనాలకు కూర్చున్నారు. దారం కట్టడానికి తెల్లారగానే కూలీలు వస్తారని ప్రసాదరావు చెబుతున్నాడు.

"వాళ్లని రావద్దనండి," అంది దేవకుమారి, అతనికి అన్నం వడ్డిస్తూ.

"తోలేవాడు ఒక్కడే. ఆ గట్టున కేకేస్తే ఈ గట్టున దిగుతాయి. చేపపిల్లంతా పోతే ఏం చేద్దాం?"

"ఈ గట్టున నేనుంటానండీ. చేపలు కాస్త ఎదిగేదాకా రోజూ వస్తాను. అత్తయ్యగారూ, పొద్దుటి వంట మీరూ మెర్సీ చూసుకోండి."

ఆమె పప్పుగిన్నె మెర్సీ వైపు జరిపి, తనూ కంచం పెట్టుకుంది.