సేవ్ చేసిన సముద్రం

బందరు కాలేజీలో సముద్రపు లెక్కలు చూసే శాంతికి తన కంప్యూటర్ మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. నాగాయలంక నుంచి ఒంటరిగా వేటకెళ్లిన అంజి, ఇంజను ఆగిపోయిందని ఫోన్లో చెప్పి మళ్లీ పలకలేదు. శాంతి గాలినీ ప్రవాహాన్నీ తెర మీద రంగుల్లో పరిచి, పడవ ఎటు కొట్టుకుపోతుందో గీసింది. మర్నాడు వెతకబోయే వాళ్లు బయల్దేరే వేళను బట్టి, ఎటు వెళ్లాలో ఆమే చెప్పాలి. సాయంత్రం, తెర మీద పరిచిన పనంతా ఉన్నదున్నట్టు మళ్లీ తెరుచుకునేలా 'సెషన్'గా సేవ్ చేసింది. డిస్కు నిండిపోయి కంప్యూటర్ మొరాయిస్తుంటే, సెషన్‌లో అంతా ఉందిగా అన్న ధీమాతో గాలీ ప్రవాహాల డేటా ఫైళ్లన్నీ చెరిపేసి ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే అంజి భార్య వీరదుర్గ, తమ్ముడు నరేంద్ర వచ్చారు. నాగాయలంక రేవులో రెండు పడవలు సిద్ధంగా ఉన్నాయి.

"మధ్యాహ్నానికి గాలి తిరుగుద్దండి. ఆ తర్వాత ఏ పడవా సముద్రంలోకి పోయే వీలుండదు. ఎటెళ్లమంటారు మేడం గారూ?" అన్నాడు నరేంద్ర.

శాంతి సెషన్ తెరిచింది. రంగుల పట్టీ, ఒడ్డు గీత, తెలుగులో తను ముచ్చటగా పెట్టుకున్న 'అంజి' అన్న పేరు, అన్నీ నిన్న వదిలినట్టే ఉన్నాయి. సముద్రమే లేదు. ఫైలు కనబడలేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. సెషన్ దాచింది డేటాని కాదు, డేటా ఉండే చోటుని. ఇల్లు పడగొట్టి తాళంచెవి భద్రంగా దాచుకున్నట్టయింది ఆమె పని. ఆ డేటా మళ్లీ దించుకుని లెక్క కట్టాలంటే సాయంత్రమవుతుంది.

వీరదుర్గకి చదువు అంతంత మాత్రం. మొగుడి పేరు మాత్రం పోల్చుకుంది. తెర మీద వేలు పెట్టి, "ఇదిగో, ఉన్నాడుగా! ఇక్కడికే వెళ్లమను నరేంద్రా!" అంది.

"అది ఇంజను ఆగిన చోటమ్మా. ఇప్పుడక్కడ ఉండడు."

"మరి ఎక్కడున్నాడు?"

"తెలీదమ్మా. ఆ లెక్కంతా నేనే చెరిపేశాను. పొరపాటైపోయింది," అంది శాంతి ఏడుస్తూ.

నరేంద్ర ఆమె వంక చూడను కూడా చూడలేదు. ఫోన్ తీసి, "బయల్దేరండ్రా. చెరో దిక్కుకి పొండి," అన్నాడు.

వీరదుర్గ వేలు ఇంకా ఆ పేరు మీదే ఉంది.

"ఇదొక్కటీ చెరపకండమ్మా," అంది.