అట్ట తాళంచెవి

తెల్లవారినప్పటి నుంచి లినెట్ రొట్టెముక్కలకు వెన్న రాస్తూనే ఉంది. నూటపది శాండ్‌విచ్‌లు. సగం, పడమటి గట్టు మీద కార్చిచ్చుతో నాలుగు రోజులుగా పెనుగులాడుతున్నవాళ్ళకు. సగం, పదకొండింటికి దిగబోయే మంత్రిగారి పరివారానికి. "వాళ్ళవాటికి అంచులు కోసెయ్యి," అని మొగుడు కెల్విన్ రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్ళాడు. అతను బిరాలీ ఊరి అగ్నిమాపక దళానికి కెప్టెన్. అంచులు కోసిన రొట్టె తింటే మంటలు ఎంత తొందరగా ఆరుతాయో ఆమెకు తెలియదు. కోసింది.

దళం షెడ్డులో వైర్‌లెస్ సెట్టు వంటగదిలోనే ఉంటుంది, టీ బాయిలరు పక్కన. దాని దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలి, వంటగదిలో ఎప్పుడూ ఒక ఆడది ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఆడది లినెట్. ఏ దారి మూసుకుపోయిందో, ఏ ఇంట్లో నడవలేని ముసలివాళ్ళున్నారో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మీటింగుల్లో మాత్రం అవన్నీ కెల్విన్ నోటి నుంచే వస్తాయి. "మాట్లాడేది నాకొదిలెయ్, నువ్వు టీ సంగతి చూడు," అంటాడు. శిక్షణ పూర్తిచేసినప్పుడు ఆమెకిచ్చిన పసుపు కోటు తొమ్మిదేళ్ళుగా మడత విప్పకుండా అలమరలో ఉంది. బండిలో ఆడమనిషి ఉంటే మగవాళ్ళు మొహమాటపడతారట. "మొగుడికి వేడివేడిగా వండిపెట్టడమూ మంటలార్పడమేలే అమ్మాయ్," అంది అత్తగారు బెరిల్. మరి కెల్విన్ కాలు విరిగిన ఏడాదంతా పశువుల లారీ తోలింది ఎవరు? పబ్బులో అతను పక్కింటివాడి సాయమని చెప్పుకున్నాడు. ఆ మాటకు ఇప్పటికీ ఆమెకు మండుతూనే ఉంది.

బయట కొత్త ఫైరింజను మెరుస్తోంది. దానికోసం నాలుగేళ్ళు అర్జీలు రాసిందీ ఆమే. నీళ్ళు నింపి, రిబ్బను కట్టి, నిన్నటి నుంచి ఊరికే నిలబెట్టారు. ఫొటోలు అయ్యేదాకా కదలకూడదని పైనుంచి ఆర్డరు. మంత్రిగారు కెప్టెన్ చేతికివ్వడానికి గజం పొడవున బంగారు రంగు అట్ట తాళంచెవి చేయించారు. అసలుది వంటగదిలో, టీ జల్లెడ పక్కన కొక్కానికి వేలాడుతోంది.

పదకొండూ పదికి వైర్‌లెస్ గరగరమంది. గట్టు మీది డెస్మండ్.

"గాలి తిరిగింది లిన్. మంట వాగు వైపు దిగుతోంది. మేం అటు రావాలంటే గంట పడుతుంది. డల్సీ ఇంట్లోనే ఉందా?"

వాగు పక్కన ఒంటరిగా ఉండే డల్సీకి ఎనభై నాలుగేళ్ళు, కారు లేదు. లినెట్ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. చేతిలో ఉన్న శాండ్‌విచ్‌ల పళ్ళెంతోనే బయటికి పరుగెత్తి కెల్విన్ చెవిలో చెప్పింది.

"పది నిమిషాలు ఆగు," అన్నాడతను పెదాలు కదపకుండా. "మంత్రిగారు మాట్లాడుతున్నారు. మధ్యలో బండి తీస్తే నా పరువేం కాను?"

"డల్సీ ఏం కాను?"

"మెల్లగా. కెమెరాలున్నాయి."

మంత్రిగారి సహాయకుడు నవ్వుతూ వచ్చాడు. "మేడమ్, ఆ పళ్ళెంతో సార్ పక్కన నిలబడండి. కాస్త నవ్వు మొహం పెట్టండి."

మైకులో మంత్రిగారు ఈ వీరుల వెనక నిలబడ్డ ఆడవాళ్ళ త్యాగాన్ని పొగుడుతున్నారు. వెనక నిలబడడం ఆ ఆడవాళ్ళే కోరుకున్నట్టు. లినెట్‌కు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం సహాయకుడి చేతుల్లో పెట్టేసి వంటగదిలోకి వెళ్ళింది. కోటు మడత విప్పింది. కొక్కెం మీది తాళంచెవి తీసుకుంది.

"గ్వెన్, గొట్టం పట్టడం గుర్తుందా?" అని, తనతోపాటే శిక్షణ పొంది ఇప్పుడు పక్కన కూరగాయలు తరుగుతున్న ఆమెను అడిగింది.

"మరిచిపోయేంతగా ఎప్పుడు పట్టనిచ్చారు?" అంటూ గ్వెన్ కూరగాయల కత్తి కింద పెట్టి, ఏప్రను విప్పి, తన కోటు కోసం అలమర తెరిచింది.

అట్ట తాళంచెవి అందుకుని కెల్విన్ కెమెరాలకేసి తిరిగేసరికి వెనక ఇంజను గర్జించింది. రిబ్బను తెగి అద్దానికి చుట్టుకుంది. "లిన్, ఆగు," అని అతను నాలుగడుగులు పరుగెత్తాడు కాని, గజం పొడవు అట్ట కాళ్ళకు అడ్డం పడింది.

వాగు దారి నిండా పొగ. డల్సీ గేటు దగ్గర ఉన్ని దుప్పటి కప్పుకుని, పిల్లిని చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. పెరటి కంచె అప్పటికే అంటుకుంది. గ్వెన్ దాని మీద నీళ్ళు కొడుతుంటే లినెట్ ముసలావిడను పైకెక్కించింది.

"ఫోనెత్తలేదేం?"

"చేతిలో పిల్లి ఉందిగా. డ్రైవరెక్కడమ్మా?"

"నేనే."

డల్సీ ఆమెను కిందికీ పైకీ చూసింది. "ఇన్నాళ్ళకా," అని పిల్లిని ఒళ్ళో సర్దుకుంది.

బండి వెనక్కి తిప్పుతుండగా అందులోని వైర్‌లెస్ పలికింది. కెల్విన్. ఆమెతో మాట్లాడాలంటే అతను వంటగదిలోకి వెళ్ళాల్సిందే మరి.

"లిన్, ఎవర్నడిగి తీసుకెళ్ళావు? ఇక్కడ నేనేం సమాధానం చెప్పను?"

ఆమె గేరు మార్చి, బటన్ నొక్కింది. "డల్సీ నా దగ్గరుంది. తర్వాత దిగువ ఇళ్ళకు వెళ్తున్నాను. డెస్మండ్‌కి చెప్పు. ఇంకొకటి కెల్విన్, టీ మరిగిపోతూ ఉంటుంది, స్విచ్ కట్టెయ్యి. నేను వచ్చేదాకా ఆ సెట్టు దగ్గర నుంచి కదలకు."